పంటు తలుపు బోల్టుల హోదా

పోలేరమ్మ ముక్కుపుడక దాకా నీళ్ళొచ్చిన వరద మా గోదారి రేవులో అందరికీ గుర్తే. ఆ వరద తీసిన ఏడే ఇది జరిగింది. సంవత్సరం అంకె అడిగితే నాకు తెలియదు. అమ్మవారి మెడలో ఒండ్రు ఇంకా ఆరలేదు, అంతవరకు చెప్పగలను.

నేను ఆ రేవులో పంటు నడిపే సరంగుని. పంటంటే రెండు పడవల మీద బల్లలు పరిచి ఇంజను పెట్టిన తేలే అరుగు. ముందు వైపు ఇనప తలుపు ఉంటుంది. ఒడ్డు చేరగానే దాన్ని దించితే నేలకీ పంటుకీ మధ్య వంతెన అవుతుంది. మనుషులు, సైకిళ్ళు, అరటి గెలల బళ్ళు, గేదెలు, పెళ్ళివారు అందరూ దాని మీంచే ఎక్కాలి. ఆ తలుపు బరువంతా రెండు బోల్టులు మోస్తాయి. వరదలో కొట్టుకొచ్చిన దుంగ ఒకటి తలుపుని గుద్దింది. తలుపుకి ఏమీ కాలేదు. బోల్టులు రెండూ వంగిపోయాయి.

రేవుల శాఖ నుంచి ఏఈ హైమవతి గారు చూడ్డానికి వచ్చారు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. కుచ్చిళ్ళు దోపుకుని తలుపు కిందకి దూరారు.

"తాతగారూ, ఇవి ఎప్పటివో ముప్పావంగుళం బోల్టులు. ఇప్పుడు మిల్లీమీటర్లవి వెయ్యాలి. ఎమ్ ఇరవై."

"ముప్పై పానా పట్టేదాండి?"

"అదే. మీరు తలని బట్టి పిలుస్తారు, మేము కాడని బట్టి పిలుస్తాం. ఎమ్ ఇరవై అంటే కాడ మందం ఇరవై మిల్లీమీటర్లు. బెజ్జాలు కాస్త వెడల్పు చేయించాలి. ఇంకోటి, బోల్టు తల మీద 8.8 అని గుద్ది ఉండాలి. అది దాని బలం. అదే మందంలో 4.6 అని ఉన్నవి కూడా దొరుకుతాయి, వాటి బలం ఇందులో సగమే. ఒడ్డు మీద ఏదో కంచెకి పనికొస్తాయి గాని, మనుషులు తొక్కే తలుపుకి వద్దు."

అర్థమైంది. తల ఊపాను.

"అవి పడేదాకా పంటు కదలకూడదు" అన్నారావిడ.

ఆ మాట విని గంగారత్నం నెత్తి మీద చేతులు పెట్టుకుంది. ఊళ్ళో పాడి ఉన్నవాళ్ళందరి పాలూ క్యాన్లకెత్తి తెల్లారకుండా అవతలి ఒడ్డుకు చేర్చేది ఆవిడే. పెద్ద రోడ్డు అటువైపు. పాలకేంద్రం వ్యాను పొద్దుటా మధ్యాహ్నమూ అక్కడ కాసేపే ఆగుతుంది. నీళ్ళలో సుళ్ళు ఇంకా ఉన్నాయని నాటు పడవల్ని వదలడం లేదు. ఇక పంటు కూడా ఆగితే పాలు ఇక్కడే విరుగుతాయి. పాలు రాని రేవుకి వ్యాను ఎందుకని రూటు ఎత్తేస్తారు. రూటు పోతే గేదెల్ని సంతకి తోలుకోవడమే.

"రెండు మేకులకి ఇంత గొడవేటండీ?" అంది.

"మేకులు కావమ్మా. రేపే తెప్పిస్తాను" అన్నారు ఏఈ గారు.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. శాఖ స్టోర్లో పెట్టెడు ఉన్నాయి.

మర్నాడు వంగిన బోల్టు సంచిలో వేసుకుని ఆవిడతో డివిజన్ ఆఫీసుకి వెళ్ళాను. ఈఈ చక్రపాణి గారు సమీక్షా సమావేశంలో ఉన్నారు. అధికారులంతా బల్ల చుట్టూ కూర్చుని జీడిపప్పు తింటున్నారు. ఏఈ గారు బోల్టు బల్ల మీద పెట్టి, నాకు చెప్పిందే మళ్ళీ చెప్పారు. అక్కడి దాకా అంతా సవ్యంగానే ఉంది.

"ఈ అంకె అన్ని బోల్టుల మీదా ఉంటుందా?" అని అడిగారు ఈఈ గారు.

"ఉండాలండి."

"నా కుర్చీ బోల్టుల మీద కూడానా?"

ఈఈ గారు లేచారు. ఆయన లేస్తే అందరూ లేచారు. కుర్చీని తలకిందులు చేశారు. అటెండరు నూకయ్య టార్చిలైటు పట్టుకుని బోర్లా పడుకుని చదివాడు.

"నాలుగు, చుక్క, ఆరు అండి."

ఈఈ గారి మొహం చూసి డీఈ గారు జీడిపప్పు నమలడం ఆపేశారు. గది మూల నూకయ్య స్టూలు ఉంది. ఎవరూ చెప్పకుండానే అందరి చూపూ దాని మీదకి పోయింది. ఎప్పుడో పాడైన పంపుసెట్టు ఇనుముతో చేసిన స్టూలది. దాన్నీ తిరగేశారు.

"ఎనిమిది, చుక్క, ఎనిమిది" అన్నాడు నూకయ్య.

"ఎప్పట్నుంచి?" అన్నారు ఈఈ గారు.

"తమరు రాకముందు నుంచీ అదే స్టూలండి."

"అంటే ఇన్నాళ్ళూ నువ్వు నాకంటే రెండింతలు..."

"బాబూ, నాకు చదువు రాదండి. కూకున్నానంతేనండి."

ఏఈ గారు సర్ది చెప్పబోయారు. "సార్, కుర్చీకి 4.6 చాలండి. ఎంత బలం కావాలన్నది మోసే బరువుని బట్టి..."

"అమ్మా హైమవతీ! ఈ డివిజన్లో నాకంటే బరువైన మనిషి ఎవరైనా ఉన్నారా?"

డీఈ గారు ఆయనకంటే లావు. అయినా లేరనే తల ఊపారు.

సాయంత్రానికి ఉత్తర్వు టైపయింది. ఆఫీసు గోడకి అంటించి, గుమస్తా పైకి చదివాడు. "శాఖాంతర్గత సమస్త మరబోల్టుల యందు అంకిత బలసంఖ్య సదరు ఉద్యోగి హోదాకు అనుగుణముగా ఉండవలెననియు, క్రింది స్థాయి ఉద్యోగి పై స్థాయి బోల్టును వినియోగించుట క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడుననియు ఇందుమూలముగా తెలియజేయడమైనది."

వివరం కూడా ఉంది. ఈఈ గారికి 10.9. డీఈలకి 8.8. ఏఈలకీ సూపరింటెండెంట్లకీ 5.8. గుమస్తాలకి 4.6. అటెండర్లకీ, చౌకీదార్లకీ, రేవు సిబ్బందికీ తల మీద ఏ అంకే లేనివి. 12.9 అనేది ఒకటుందట గాని, అది చీఫ్ ఇంజనీరు గారి కోసం అట్టేపెట్టారు.

నూకయ్య స్టూలుకి గోనెపట్టా చుట్టి సీలు వేశారు. ఆ రోజు నుంచి వాడు నిలబడే ఉన్నాడు.

మేము స్టోరుకి వెళ్ళాం. స్టోర్‌కీపరు గుర్నాథం పెట్టె తెరిచి చూపించాడు. నూనె రాసి, మెరుస్తూ, వేలు పెడితే జారిపోయేలా ఉన్నాయి ఎమ్ ఇరవైలు. ప్రతి తల మీదా 8.8. చూపించి పెట్టె మూసేశాడు.

"ఎవరికమ్మా?"

"పంటు తలుపుకి."

"పంటు ఏ స్కేల్లో ఉందండి?"

"పంటుకి స్కేలేమిటి గుర్నాథం గారూ?"

"అదేనండి నా బాధ. హోదా లేదు. డీఈ గారి బోల్టు హోదా లేనిదానికి ఇచ్చేనంటే నా ఉద్యోగం ఊడుతుంది. ఇదిగో, అంకె లేని బోల్టులు ఎన్నైనా పట్టుకెళ్ళండి. రెండు చోట్ల నాలుగేసి బిగించండి. లేదా ఎమ్ పదహారు ఇస్తాను, సన్నం కదా, ఎవరూ పట్టించుకోరు."

"బెజ్జానికి వదులైపోతుంది. తలుపు ఊగి ఊగి కోసేస్తుంది. అంకె లేనిది ఎంత మోస్తుందో దేవుడికే తెలియాలి. మనుషులు నీళ్ళలో పడతారండీ."

"పడినా ఉత్తర్వు ప్రకారం పడతారు కదమ్మా" అన్నాడు గుర్నాథం. చెడ్డవాడు కాడు. ఆ మాట దిగులుగానే అన్నాడు.

నా వైపు తిరిగి "సరంగూ, నువ్వైనా చెప్పు" అన్నాడు. నేను పెట్టె వైపు చూస్తూ నిలబడ్డాను.

తరవాత బోల్టుల కోసం తిరిగిన రోజుల్లో ఆఫీసు చూశాను. గుమస్తా ఒకాయనకి సూపరింటెండెంటుగా ప్రమోషన్ వచ్చింది. పాత బోల్టులు పీకేశారు, కొత్తవి రాలేదు. పాత బోల్టుల మీద కూర్చుంటే ప్రమోషన్ వదులుకున్నట్టే అవుతుందని ఆయనకి యూనియన్‌వాళ్ళు చెప్పారు. ఆయన నిలబడి ఫైళ్ళు రాస్తున్నాడు. ఎవరైనా శుభాకాంక్షలు చెబితే కాలు మార్చి నిలబడుతున్నాడు. ఈఈ గారు రెండు రోజులు సెలవు పెడితే డీఈ గారు ఇన్‌ఛార్జి అయ్యారు. ఇన్‌ఛార్జికి పూర్తి హోదా ఉండదు కనక ఆయన కుర్చీ నాలుగు కాళ్ళలో ఒక్కదానికే 10.9 వేశారు. అది కొంచెం పొడుగు బోల్టు. ఆ రెండు రోజులూ డీఈ గారు ఒక పక్కకి ఒరిగి సంతకాలు పెట్టారు. కొత్తగా చేరిన ఏఈ ఒకాయన ప్రొబేషన్లో ఉన్నాడని బోల్టులు చేత్తో తిప్పి వదిలేశారు, పానా పెట్టలేదు. ఆయన కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాడు. పని కూడా చేసేవాడు కాదు. ఆ కదలకపోవడం చూసి మంచి పేరు వచ్చింది.

ఈలోగా గంగారత్నం పాలు రోజూ విరుగుతున్నాయి. వ్యాను డ్రైవరు అవతలి ఒడ్డు నుంచి చెయ్యి ఊపి వెళ్ళిపోతున్నాడు. ఒక రోజు చెయ్యి కూడా ఊపలేదు.

ఆవిడ విరిగిన పాల బిందె చంకనెట్టుకుని నాతో ఆఫీసుకి బయల్దేరింది. ఈఈ గారి బల్ల మీద బిందె పెట్టింది. గదంతా పులిసిన వాసన.

"ఏమిటిది?" అన్నారాయన.

"మా పాలండి. మీ ఉత్తర్వు పడి ఇరిగిపోయాయండి."

"విషయం నా దృష్టికి వచ్చింది. సానుభూతితో పరిశీలిస్తున్నాం. కాని పంటుకి హోదా లేదమ్మా."

"ఎక్కేది మేం కదండీ. మా హోదా ఏదో చెప్పండి, ఆ బోల్టులే ఎయ్యండి."

ఇది న్యాయమైన మాటని ఈఈ గారికి కూడా తోచింది. ఉత్తర్వు తెప్పించి పైనుంచి కిందకి చూశారు. ఏఈ గారిని పిలిచి చూడమన్నారు. చౌకీదారు ఉన్నాడు, తోటమాలి ఉన్నాడు. జనం ఎక్కడా లేరు.

"ప్రజలు శాఖలో ఉద్యోగులు కారు. కనక వారి బలసంఖ్య నిర్ణయించే అధికారం నాకు లేదు" అన్నారు.

"అంటే మేం మునిగిపోవచ్చాండి?"

"దానికి వేరే శాఖ ఉంది."

గంగారత్నం నా వైపు తిరిగింది. "ఏం మావా, నోట్లో ఏం పెట్టుకున్నావ్? ఆడదాన్ని నన్ను మాట్లాడమని ఎనకాల నించున్నావేటి?"

నేను అప్పుడు ఒక్కటే అడిగాను. "తమరు ఎక్కితేనోనండి?"

"ఏమన్నావ్?"

"తమరు పంటెక్కితే తలుపుకి ఏ బోల్టండి?"

ఈఈ గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన కళ్ళు మెరిశాయి. ఆఫీసులో ఒకటే ఉక్క. గోదారి మీద గాలి బాగుంటుంది. ఆ మధ్యాహ్నమే మరో ఉత్తర్వు వచ్చింది. పంటుని డివిజన్ వారి క్యాంపు కార్యాలయంగా ప్రకటించారు. తలుపు దానికి ప్రధాన ద్వారం అయింది. ప్రధాన ద్వారానికి ఈఈ గారి బోల్టులే పడాలి.

"8.8 చాలు సార్" అన్నారు ఏఈ గారు.

"నా ద్వారానికి డీఈ బోల్టులా?" అన్నారాయన.

ఎమ్ ఇరవైలో 10.9 ఉన్నవి జీపు వేసి ఎక్కణ్ణుంచో తెప్పించారు. బోల్టులకి బొట్టు పెట్టారు. సన్నాయి మేళం వాయించారు. డీఈ గారు కొబ్బరికాయ కొట్టారు. ఈఈ గారు బెజ్జంలో బోల్టు దూర్చి చేతులు దులుపుకున్నారు. మేళం వెళ్ళిపోయాక ఏఈ గారు, నేను తలుపు కిందకి దూరి, వాషర్లూ జంట నట్లూ వేసి, ముప్పై పానాతో బిగించాం. ఆవిడ తలుపు మీద ఎక్కి గెంతి చూశారు. కిర్రుమనలేదు.

"ఇక నడుపుకోండి తాతగారూ" అన్నారు నవ్వుతూ.

ఆవిడకి ఆఫీసులంటే ఇంకా పూర్తిగా తెలియదు.

మర్నాడు పంటు మీద టెంటు వేశారు. కింద తివాచీ పరిచి, మధ్యలో ఈఈ గారి కుర్చీ వేశారు. తలుపు పక్కన బోర్డు పెట్టారు. చెప్పులు బయట విడవాలి. దర్శన వేళలు మూడు నుంచి ఐదు. అర్జీ లేనిదే ప్రవేశం లేదు. గేదెలకి అసలే లేదు.

గంగారత్నం అర్జీ రాయించుకుని, చెప్పులు విడిచి, మధ్యాహ్నం పాలు రెండు క్యాన్లతో ఎక్కింది. మేళం పెట్టిన పంటు కాబట్టి కదులుతుందనే అనుకుంది. నేనూ ఇంజను తిప్పాను. గోదారి సగం దాటామో లేదో ఈఈ గారు చెయ్యెత్తారు.

"ఆపు! ఇది ఏ జిల్లా?"

నది నడిమధ్య జిల్లా సరిహద్దు. ఇవతలి సగం మాది. అవతలి సగం పక్క జిల్లాది.

"ఇంకొంచెం పోతే నా కార్యాలయం నా పరిధి దాటి పోతుంది. పరాయి జిల్లాలో నేను కుర్చీలో కూర్చుంటే అది ఆక్రమణ. వెనక్కి తిప్పు సరంగూ."

"అవతల ఒడ్డండి..." అన్నాను.

"సగం దూరం ప్రజలకు ఉచితంగా కల్పిస్తున్నాం. మిగతా సగం వాళ్ళ ఈఈ చూసుకోవాలి. లేఖ రాస్తాను."

వెనక్కి తిప్పాను. అవతల వ్యాను డ్రైవరు లేచి నిలబడి చూశాడు. దగ్గరికొచ్చిన పంటు మళ్ళీ చిన్నదైపోవడం వాడికి ఎలా కనబడిందో నాకు తెలియదు.

"నా పాలకి గోదారి చూపించడానికి తెచ్చినట్టుంది" అంది గంగారత్నం. ఆ తరవాత ఈఈ గారికి వినబడేలానే అంది, "బోల్టులు గట్టివే మావా. బుర్రలే వదులు."

ఈఈ గారు వినలేదు. లేఖ చెబుతున్నారు. నూకయ్య ఆయన వెనక నిలబడి విసనకర్ర ఊపుతున్నాడు.

అలా రోజూ జనం అర్జీలు పట్టుకుని ఎక్కుతున్నారు, నడిమధ్య దాకా వెళ్ళి గాలి పీల్చుకుని వస్తున్నారు. పక్క ఊరి ముసలాళ్ళు షికారుకని రావడం మొదలెట్టారు. క్యాంపు కార్యాలయం ప్రజాదరణ పొందిందని ఈఈ గారు పైకి నివేదిక పంపారు. గంగారత్నం మాత్రం రావడం మానేసింది. ఆఖరి సాయంత్రం రేవులో కనబడింది. క్యాన్లు బోర్లించుకుని మెట్ల మీద కూర్చుంది.

"రూటు రేపటి దాకేనంట మావా. రేపు కూడా పాలు రాకపోతే ఎల్లుండి నుంచి వ్యాను రాదంట. మా ఎర్ర గేదెకి బేరం వచ్చింది."

ఎర్ర గేదె ఆవిడ చేతుల మీద పుట్టింది.

ఐదు కాగానే ఈఈ గారు కుర్చీలోంచి లేచారు. తలుపు మీంచి దిగి ఒడ్డున చెప్పులు తొడుక్కుంటున్నారు. నేను తాడు చుడుతూ అడిగాను.

"రేపు ఆఫీసు ఎన్నింటికండి?"

"ఎప్పట్లాగే. పదిన్నరకి."

"పదిన్నరకి ముందోనండి?"

"ముందు ఆఫీసేమిటయ్యా? పదిన్నర దాకా ఆఫీసు అనేదే లేదు. ఆ ముందు జరిగిందానికి నేను బాధ్యుణ్ణి కాను. నిబంధన అది."

"అప్పుడిది ఏమవుతుందండి?"

"ఏమవుతుంది! పంటవుతుంది" అని జీపెక్కారు.

ఏఈ గారు జీపు పక్కనే నిలబడి ఉన్నారు. నా వైపు చూశారు. నేను తాడు చూసుకుంటున్నాను. ఆవిడ జీపు వెనక సీట్లో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం మాత్రం చూశాను.

తెల్లారకముందే లేచాను. వేకువ చుక్క ఉండగానే ఇంజనులో నూనె పోశాను. గంగారత్నం వాకిట్లో నిలబడి పిలిస్తే "ఏం ఊడిపోయింది మావా?" అంటూ బయటికొచ్చింది. పాలు తియ్యమన్నాను. వెంటనే బిందె అందుకుంది. వీధి వీధంతా లేచింది. క్యాన్లు వచ్చాయి, అరటి గెలల బండి వచ్చింది, ఇన్నాళ్ళూ అవతల సంబంధం చూడ్డానికి వెళ్ళలేక ఆగిపోయిన వాళ్ళొచ్చారు. తలుపు దించాను. అంతమంది ఒకేసారి తొక్కినా అది కిమ్మనలేదు. చెప్పులు ఎవరూ విడవలేదు.

తివాచీ మీద క్యాన్లు కుదురుగా నిలబడటం లేదు. గంగారత్నం చుట్టూ చూసింది. నిండుగా ఉన్న పెద్ద క్యాను తీసి ఈఈ గారి కుర్చీలో కూర్చోబెట్టింది. కుర్చీ చేతుల మీదుగా తాడేసి కట్టింది.

"దీని హోదా ఏంటి మావా?" అంది.

"మోసే బరువుని బట్టి" అన్నాను.

నడిమధ్య వచ్చింది. నేను ఇంజను ఆపలేదు. అవతలి ఒడ్డున వ్యాను ఉంది, తలుపు దించి, మొట్టమొదట కుర్చీలోని క్యాను దింపాను.